ఝాన్ ఇష్బియా

ఝాన్ డేవిడ్ ఇష్బియా (1940 మార్చి 25 – 2007 జనవరి 26) ఫ్రాన్సు దేశానికి చెందిన కంప్యూటరు శాస్త్రవేత్త. అమెరికా రక్షణ శాఖ కోసం తయారైన అడా అనే ప్రోగ్రామింగు భాషకు 1977 నుండి 1983 వరకు ఈయన ప్రధాన రూపకర్త. విమానాలు, క్షిపణులు, ఉపగ్రహాల వంటి యంత్రాలలో ఇమిడి ఉండే కంప్యూటర్ల కోసం పుట్టిన ఈ భాషలోని ఒక భాగం తరువాతి కాలంలో దానితో ఏ సంబంధమూ లేని చోట, అనగా డేటాబేసులలో, స్థిరపడింది. ఒరాకిల్ సంస్థ వారి పీఎల్/ఎస్‌క్యూఎల్‌లోను, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ వారి పీఎల్/పీజీఎస్‌క్యూఎల్‌లోను దోషం సంభవించినదని ప్రోగ్రాము ప్రకటించడానికి వాడే 'రెయిజ్' అన్న మాటకు, ఆ ప్రకటనను అందుకోవడానికి బ్లాకు చివర వ్రాసే 'ఎక్సెప్షన్ – వెన్' అన్న అమరికకు మూలం అడా భాషయే. హైదరాబాదులోని అమీర్‌పేట శిక్షణా కేంద్రాలలో ఒరాకిల్ నేర్చుకున్న తెలుగు విద్యార్థులలో ఈయన పేరు విన్నవారు తక్కువే కావచ్చును గాని, ఈయన వాక్య నిర్మాణాన్ని వ్రాయనివారు ఉండరు.

విద్యాభ్యాసం

ఇష్బియా పూర్వీకులు గ్రీసు దేశంలోని థెస్సలోనికి నగరం నుండి ఫ్రాన్సుకు వలస వచ్చిన యూదులు. ఈయన ఫ్రాన్సులో అత్యంత ప్రతిష్ఠాత్మకమైన ఎకోల్ పాలిటెక్నిక్‌లోను, తరువాత వంతెనలు, రహదారుల నిర్మాణ విద్యకు పేరు పొందిన ఎకోల్ దె పాం ఎ షోసేలోను చదివాడు. అటుపిమ్మట అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ నుండి డాక్టరేటు పొందాడు. కంప్యూటరు భాషల చరిత్రలో పేరు పొందినవారు చాలామంది గణితం నుండి వచ్చినవారు. వంతెనల విద్య చదివి ఈ రంగంలోకి వచ్చిన ఇష్బియా వారికి కొంత భిన్నుడు.

స్వదేశానికి తిరిగి వచ్చి సీఐఐ అనే సంస్థలో చేరాడు. అమెరికా కంప్యూటర్లపై ఆధారపడకుండా ఉండాలన్న ఉద్దేశంతో ఫ్రెంచి ప్రభుత్వం 1966లో నెలకొల్పిన సంస్థ ఇది. పారిస్ సమీపంలోని లూవ్‌సియెన్ పరిశోధనా కేంద్రంలో ఇష్బియా ప్రోగ్రామింగు పరిశోధన విభాగంలో పనిచేశాడు. నార్వేలో పుట్టిన సిములా భాషపై ఈయనకు మక్కువ ఎక్కువ. సిములా వాడకందార్ల సంఘానికి అధ్యక్షుడుగా కూడా ఉన్నాడు. పాస్కల్, సిములాల ఆధారంగా ఎల్ఐఎస్ అనే ప్రయోగాత్మక భాషను రూపొందించాడు. ప్రోగ్రాములో ఒక భాగం ఏమి చేస్తుందో తెలిపే ప్రకటనను, ఎలా చేస్తుందో తెలిపే వివరాన్ని వేరువేరుగా ఉంచాలన్న ఆలోచన ఇందులో ఉన్నది. తరువాత అడాలోని ప్యాకేజీలకు, వాటి నుండి ఒరాకిల్ ప్యాకేజీలకు ఇదే బీజం.

రంగుల పోటీ

1970వ దశకంలో అమెరికా రక్షణ శాఖకు సాఫ్టువేరు ఖర్చు పెద్ద సమస్యగా పరిణమించింది. ఆ శాఖ పరికరాలలో వాడుతున్న భాషలు, వాటి రూపాంతరాలు నాలుగు వందలకు పైగా ఉన్నట్లు లెక్క తేలింది. ఒక భాషలో పని నేర్చినవాడు రెండవ ప్రాజెక్టులో పనికిరాడు. ఒక యంత్రానికి వ్రాసినది మరొక యంత్రానికి చెల్లదు. అన్నిటికీ ఒకే భాష ఉండాలని 1975లో ఒక కార్యవర్గాన్ని నియమించారు. భాష ఎలా ఉండాలో చెప్పే కోరికల పత్రాలను వారు వరుసగా వెలువరించారు. మొదటి దానికి గడ్డి మనిషి అని, ఆపైన కొయ్య మనిషి, తగరపు మనిషి, ఇనుప మనిషి అని పేర్లు పెట్టి, 1978లో వెలువడిన చివరి దానికి ఉక్కు మనిషి అని పేరు పెట్టారు. కోరికలు గట్టిపడిన కొద్దీ పేర్లు కూడా గట్టిపడ్డాయన్నమాట.

1977లో నాలుగు సంస్థలను ఎంపిక చేసి, పరిశీలకులకు పక్షపాతం కలుగకుండా వాటికి రంగుల పేర్లు ఇచ్చారు. సాఫ్‌టెక్ సంస్థది నీలం, ఇంటర్‌మెట్రిక్స్‌ది ఎరుపు, ఎస్ఆర్ఐ ఇంటర్నేషనల్‌ది పసుపు. ఇష్బియా బృందానిది ఆకుపచ్చ. అప్పటికి సీఐఐ మరొక సంస్థతో కలిసి సీఐఐ హనీవెల్ బుల్‌గా మారి ఉన్నది. నలుగురిలో అమెరికా వెలుపలి బృందం ఇదొక్కటే. నాలుగు బృందాలూ పాస్కల్ భాషనే పునాదిగా తీసుకున్నాయి. 1978లో నీలం, పసుపు తొలగిపోయి ఎరుపు, ఆకుపచ్చ మిగిలాయి. 1979 మే నెలలో ఆకుపచ్చ గెలిచినట్లు ప్రకటించారు. ఛార్లెస్ బాబేజీ యంత్రానికి పద్ధతులు వ్రాసిన అడా లవ్‌లేస్ పేరును ఆ భాషకు పెట్టారు. 1980 డిసెంబరు 10న, అనగా ఆమె పుట్టినరోజున, భాషా ప్రమాణాన్ని ఆమోదించారు. ఆ ప్రమాణం సంఖ్యలోని 1815 ఆమె జన్మించిన సంవత్సరం.

ఇష్బియా బృందంలో జాన్ బార్న్స్, బ్రయాన్ విచ్‌మన్, బెర్న్ట్ క్రీగ్-బ్రూక్నర్, రాబర్ట్ ఫర్త్, ఒలివియె రూబిన్, తరువాత బీ-మెథడ్‌తో పేరుగాంచిన ఝాన్-రేమాఁ అబ్రియాల్, అలాన్ ట్యూరింగ్ కాలం నుండి కంప్యూటర్లపై పనిచేసిన మైక్ వుడ్జర్ మొదలగువారు ఉన్నారు. అడాను కమిటీ తయారుచేసిన భాష అని ఎగతాళి చేయడం ఒక ఆనవాయితీ. ఇది సరియైనది కాదు. కోరికల పత్రాలు కమిటీవి, సలహాలు ఎందరివో, భాష రూపం విషయంలో తుది నిర్ణయం మాత్రం ఇష్బియాది. దోష ప్రకటన విషయంలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది.

దోష ప్రకటన: అంతకు ముందు

ఒక బ్యాంకు ప్రోగ్రామును ఊహించుకొనండి. ఒక ఖాతా నుండి 5,000 రూపాయలు తగ్గించి మరొక ఖాతాకు కలపాలి. మొదటి ఖాతాలో 3,000 మాత్రమే ఉన్నది. తగ్గించే పని ఒక చిన్న ఉపప్రోగ్రాముకు అప్పగించబడి ఉంటే, తాను ఆ పని చేయలేకపోయానని అది తనను పిలిచిన ప్రోగ్రాముకు ఎలా తెలపాలి?

పాత పద్ధతిలో ఒక అంకెను తిరిగి పంపేవారు. సున్నా అయితే క్షేమం, మరొకటి అయితే దోషం. పిలిచినవాడు ప్రతిసారి ఆ అంకెను చూడాలి. చూడడం మరచిపోతే ఎవరూ అడ్డు చెప్పరు; లేని సొమ్ము రెండవ ఖాతాలో చేరిపోతుంది. ఐబీఎం వారి పీఎల్/వన్ భాష 1960లలో దీనికొక మార్గం చూపింది. ఫలానా స్థితి ఏర్పడితే ఫలానా పని చేయమని 'ఆన్' అనే ఆజ్ఞతో ముందుగానే చెప్పి ఉంచవచ్చును. 'సిగ్నల్' అనే ఆజ్ఞతో ప్రోగ్రాము తానే ఆ స్థితిని ప్రకటించవచ్చును. కొన్ని స్థితులలో ఆ పని ముగిసిన తరువాత, దోషం జరిగిన చోటికే తిరిగి వచ్చి ప్రోగ్రాము ముందుకు సాగవచ్చును. ఇది వినడానికి సౌకర్యంగానే ఉంటుంది గాని, ఒక వాక్యాన్ని చదివినప్పుడు దాని మధ్యలో ఎక్కడి నుండి ఏ కోడు వచ్చి నడిచి, ఏ చరరాశులను మార్చి వెళ్ళిందో చెప్పడం కష్టం.

1975లో జాన్ గుడెనఫ్ ఈ విషయంపై వ్రాసిన పరిశోధనా పత్రం ఎంతో ప్రసిద్ధి చెందింది. తిరిగి రావడానికి వీలున్న ప్రకటనలను, వీలులేని వాటిని ఆయన వర్గీకరించి, రెండింటికీ వ్యాకరణం సూచించాడు. రంగుల పోటీలో నీలం బృందానికి నాయకుడు ఈ గుడెనఫే కావడం విశేషం. పోటీలో ఓడిన తరువాత కూడా ఆయన అడా పరిశీలకులలో ఒకడుగా ఉండి, కంపైలర్లను పరీక్షించే పరీక్షల సంపుటి తయారీకి నాయకత్వం వహించాడు.

అడాలో ఇష్బియా పద్ధతి

ఉక్కు మనిషి పత్రం ఎక్సెప్షన్ల సౌకర్యం భాషలో తప్పనిసరిగా ఉండాలన్నది. దోషం సంభవించినప్పుడు తప్ప మిగిలిన సమయంలో ప్రోగ్రాము వేగం తగ్గరాదని కూడా కోరింది. ఎలా వ్రాయాలన్నది మాత్రం రూపకర్తలకే వదిలివేసింది. ఇష్బియా బృందం ఎంచుకున్న పద్ధతి ఇది.

ఎక్సెప్షనుకు అంకె ఉండదు, పేరు ఉంటుంది. 'నిల్వ చాలదు' అన్న అర్థం వచ్చే పేరును చరరాశిని ప్రకటించినట్లే ముందుగా ప్రకటించాలి. అవసరమైన చోట రెయిజ్ అని వ్రాసి పక్కన ఆ పేరు వ్రాస్తే చాలు. ఆ క్షణంలో మామూలు పని ఆగిపోతుంది. బిగిన్, ఎండ్ అన్న మాటల మధ్య ఉన్న బ్లాకు చివరి భాగంలో ఎక్సెప్షన్ అన్న మాట కింద, 'వెన్' అని పేరు వ్రాసి దాని ఎదుట చేయవలసిన పని వ్రాయాలి. పేర్లు చెప్పని మిగిలినవాటన్నిటికీ 'వెన్ అదర్స్'. ఆ బ్లాకులో తగిన పేరు లేకపోతే బ్లాకు ముగిసిపోయి, పిలిచిన ప్రోగ్రాములో పిలిచిన చోటనే అదే ఎక్సెప్షను మరల లేస్తుంది. అక్కడా లేకపోతే ఇంకా పైకి. అందుకున్నవాడు కొంత పని చేసి, పేరు లేకుండా ఒట్టి రెయిజ్ అని వ్రాస్తే అది మళ్ళీ పైకి సాగిపోతుంది.

ఇందులో ముఖ్యమైన నిర్ణయం, దోషం జరిగిన చోటికి తిరిగి రావడం లేదన్నది. పీఎల్/వన్ ఇచ్చిన సౌకర్యాన్ని ఇష్బియా తీసివేశాడు. దీనివలన భాష పేదదైనదని కొందరన్నా, చదివేవాడికి కలిగిన మేలు ఎక్కువ. బ్లాకు పైభాగంలో అంతా సవ్యంగా జరిగితే ఏమవుతుందో ఉంటుంది; కింది భాగంలో జరగకపోతే ఏమి చేయాలో ఉంటుంది. రెండూ కలగాపులగం కావు. వెనుకకు తిరిగే దారి లేదు గనుక పైభాగాన్ని చదివేటప్పుడు కింది భాగం గురించి బెంగ లేదు.

రెండవ నిర్ణయం గురించి మాత్రం ఇంత మెచ్చుకోలు చెప్పలేము. 1983 నాటి అడాలో ఎక్సెప్షను తన పేరు తప్ప మరేమీ మోసుకొని వెళ్ళదు. ఎంత నిల్వ ఉన్నదో, ఎంత కావలసి వచ్చిందో, ఏ ఖాతాయో చెప్పే వీలు లేదు. 'వెన్ అదర్స్' కింద దానిని అందుకున్నవాడికి పేరు కూడా తెలియదు. ఏదో జరిగిందని మాత్రమే తెలుస్తుంది. విమానంలోని కంప్యూటరుకు ఇది సరిపోవచ్చును. సందేశం చదివే మనిషి అక్కడ లేడు. వెంటనే ప్రత్యామ్నాయ మార్గం పట్టడమే ముఖ్యం. మనిషి ఎదురుగా కూర్చున్న చోట ఇది చాలదన్న సంగతి తరువాత డేటాబేసులలో తేలింది.

మరొక చిక్కు కూడా ఉన్నది. అడాలో సమాంతరంగా నడిచే పనులను టాస్కులు అంటారు. ఒక టాస్కులో లేచిన ఎక్సెప్షనును ఆ టాస్కులో ఎవరూ అందుకోకపోతే అది ఎక్కడికీ పోదు. టాస్కు చప్పుడు చేయకుండా ముగిసిపోతుంది. దోషం గట్టిగా ప్రకటింపబడాలన్న ఉద్దేశంతో తయారైన భాషలో ఇటువంటి మౌనం మిగిలిపోవడం విచిత్రమే.

హోర్ విమర్శ

1980లో ట్యూరింగ్ పురస్కారం స్వీకరిస్తూ టోనీ హోర్ చేసిన ప్రసంగం అడాపై వచ్చిన విమర్శలన్నిటిలో తీవ్రమైనది. క్విక్‌సార్ట్ పద్ధతిని కనుగొన్నవాడుగా, పాస్కల్ పరంపరకు పెద్దదిక్కుగా ఆయన మాటకు విలువ ఎక్కువ. అడాలో టాస్కులు ఒకరితో ఒకరు మాట్లాడుకొనే పద్ధతికి ఆయన సిద్ధాంతమే ప్రేరణ కూడా. అట్టివాడు భాష మితిమీరి జటిలమైపోయిందని, ప్రాణాలకు సంబంధించిన చోట దీనిని నమ్మరాదని హెచ్చరించాడు. అపాయకరమైనవిగా ఆయన ఎత్తి చూపిన అంశాలలో ఎక్సెప్షన్లు ఒకటి. దారి తప్పిన క్షిపణికి కారణం ప్రోగ్రామింగు భాషలోని లోపం కావచ్చునని ఆయన భయం.

ఈ విమర్శలో సబబు లేకపోలేదు. ఎక్సెప్షను ఎక్కడి నుండైనా లేవవచ్చును, ఎంత దూరమైనా పోవచ్చును. ఒక ఉపప్రోగ్రామును పిలిచే వాక్యాన్ని చూసినంత మాత్రాన దాని నుండి ఏ ఎక్సెప్షన్లు రాగలవో తెలియదు. అడాలో అవి ప్రకటన భాగంలో కనిపించవు. ప్రోగ్రాము సరియైనదని గణితరీత్యా నిరూపించాలనుకొన్నవారు హోర్ మాటనే పాటించారు. బ్రిటనులో అడా ఆధారంగా తయారైన స్పార్క్ భాష నుండి ఎక్సెప్షన్లను మొదట పూర్తిగా తొలగించారు.

ఏరియాన్-5 ప్రమాదం

1996 జూన్ 4న ఫ్రెంచి గయానాలోని కౌరూ నుండి ఐరోపావారి ఏరియాన్-5 రాకెట్టు తొలిసారి ఎగిరి, దాదాపు 40 సెకన్లకే పేలిపోయింది. అందులోని నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలు నాశనమయ్యాయి. దిక్కును తెలిపే యంత్రంలోని ప్రోగ్రాము అడాలో వ్రాయబడింది. రాకెట్టు అడ్డదిశ వేగానికి సంబంధించిన ఒక 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంగా మార్చబోగా అది పట్టలేదు. భాష తన విధి ప్రకారం ఎక్సెప్షను లేవనెత్తింది. దానిని అందుకొనేవారు లేరు.

దీనిని అడా లోపంగా చెప్పడం పరిపాటి. గణిత శాస్త్రజ్ఞుడు ఝాక్-లూయీ లియోన్స్ అధ్యక్షతన జరిగిన విచారణ చెప్పినది వేరు. అటువంటి మార్పులకు లోనయ్యే చరరాశులు ఏడు ఉండగా, కంప్యూటరు భారం 80 శాతానికి మించరాదన్న నియమం వలన నాలుగింటికి మాత్రమే రక్షణ కల్పించి మూడింటిని వదిలివేశారు. ఏరియాన్-4 రాకెట్టు వేగాలకు ఆ నిర్ణయం సరిపోయింది; కొత్త రాకెట్టు అంతకంటే వేగంగా కదిలింది. ఆపైన, ఏ ఎక్సెప్షను లేచినా దానిని నమోదు చేసి యంత్రాన్ని ఆపివేయాలన్నది నియమం. ఇది యంత్రం చెడిపోతుందే గాని ప్రోగ్రాములో తప్పుండదన్న నమ్మకంతో పెట్టినది. సహాయక యంత్రంలోనూ అదే ప్రోగ్రాము ఉండడం వలన అది ముందే ఆగిపోయింది. దోష వివరంగా పంపిన అంకెలను రాకెట్టు ప్రధాన కంప్యూటరు దిశ వివరాలుగా భావించి రాకెట్టును పక్కకు మళ్ళించింది. అన్నిటికంటె బాధ కలిగించే సంగతి ఏమంటే, ఆ లెక్క రాకెట్టు నేల విడిచిన తరువాత అసలు అవసరమే లేనిది. మొత్తానికి, దోషాన్ని ప్రకటించడం భాష పని అయితే, ప్రకటన విన్నవాడు ఏమి చేయాలో నిర్ణయించడం మనిషి పని అన్న విభజనలో రెండవ సగం ఇక్కడ విఫలమైనది.

డేటాబేసులలోకి ప్రవేశం

ఎస్‌క్యూఎల్ భాషతో కావలసిన సమాచారాన్ని అడగవచ్చును గాని, ఒకదాని తరువాత ఒకటిగా పనులు చేయించడానికి అది చాలదు. అందుకని ఒరాకిల్ సంస్థ 1988లో ఆరవ వెర్షనుతో పీఎల్/ఎస్‌క్యూఎల్ అనే ప్రొసీజరల్ భాషను తెచ్చింది. దానికి నమూనా అడా. బ్లాకులు, ప్యాకేజీలు, ఎక్సెప్షన్లు అన్నీ అటునుండే వచ్చాయి. కంపైలరు లోపల ప్రోగ్రామును నిలవచేసే రూపం కూడా అడా కోసం తయారుచేసిన డయానా అనే రూపమే. వ్యాకరణంలో చేసిన మార్పులు స్వల్పం. వెన్ తరువాత అడాలో బాణం గుర్తు ఉంటే ఇక్కడ 'దెన్' అన్న మాట వచ్చింది. రెండు పేర్ల మధ్య నిలువు గీతకు బదులు 'ఆర్' వచ్చింది.

అయితే అడా ఎక్సెప్షను మూగదన్న లోటు ఇక్కడ వెంటనే బయటపడింది. డేటాబేసు ఒక యంత్రంలో ఉంటుంది, గుమాస్తా మరొక యంత్రం ముందు కూర్చుంటాడు. అతడికి కావలసినది కారణం. ఒరాకిల్ తన దోషాలకు వేల సంఖ్యలో అంకెలు పెట్టుకొని ఉండగా, వాటిలో కొద్దింటికే పేర్లు ఇచ్చింది. మిగిలిన అంకెలకు పేరు తగిలించుకోవడానికి ఒక ప్రత్యేక ఆదేశాన్ని, ప్రోగ్రామరు తన సొంత సందేశాన్ని పంపుకోవడానికి రెయిజ్_అప్లికేషన్_ఎర్రర్ అనే ప్రొసీజరును సమకూర్చింది. ఈ రెండవ దానికి మైనస్ 20000 నుండి మైనస్ 20999 వరకు వెయ్యి అంకెలు కేటాయించారు. ఆ విధంగా ఒకే భాషలో పేర్ల లోకం, అంకెల లోకం అని రెండు ఏర్పడ్డాయి. పేరుతో లేపితే సందేశం ఉండదు; సందేశంతో లేపితే పేరు ఉండదు. ఒరాకిల్ కొత్తగా నేర్చుకొనేవారు తికమకపడేది ఇక్కడే.

1998లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 6.4తో యాన్ వీక్ రచించిన పీఎల్/పీజీఎస్‌క్యూఎల్ వచ్చింది. ఇది ఒరాకిల్ భాషకు దగ్గరగా ఉన్నా రెయిజ్ అర్థాన్ని మార్చింది. రెయిజ్ తరువాత స్థాయిని, ఆపైన సందేశాన్ని వ్రాయాలి. డీబగ్, లాగ్, ఇన్ఫో, నోటీస్, వార్నింగ్, ఎక్సెప్షన్ అన్నవి స్థాయిలు. సందేశంలో శాతం గుర్తు ఉన్న చోట చరరాశి విలువ వచ్చి కూర్చుంటుంది. సందేశం చేర్చడం మంచి మార్పే. కాని చివరి స్థాయి ఒక్కటే ప్రోగ్రామును ఆపుతుంది. మిగిలిన ఐదూ ఒక మాట చెప్పి ముందుకు సాగిపోతాయి. ఆపే పనికీ ఆపని పనికీ ఒకే క్రియాపదం పెట్టడం అడా సంప్రదాయానికి విరుద్ధమనే చెప్పాలి.

ఆ భాషలో దోషాన్ని లేపడం మొదటి నుండీ ఉన్నా, అందుకొనే బ్లాకు 2005లో వెలువడిన 8.0 వెర్షనులో గాని రాలేదు. అప్పుడు కూడా ప్రోగ్రామరు లేపిన దోషాలన్నిటికీ పీ0001 అన్న ఒకే కోడు ఉండేది. నిల్వ చాలకపోవడానికీ ఖాతా లేకపోవడానికీ తేడా తెలియాలంటే సందేశంలోని మాటలను వెదకడమే గతి. 2009లో 8.4 వెర్షనులో యూజింగ్ అన్న మాటతో కోడు, వివరం, సూచన వేరువేరుగా ఇచ్చే వీలు, స్థితి పేరుతోనే దోషాన్ని లేపే వీలు, ఒట్టి రెయిజ్‌తో తిరిగి పైకి పంపే వీలు కల్పించారు. ఈ చివరిది అడాలో 1983 ప్రమాణంలోనే ఉన్నది.

అక్షరాలు ఒకటే అయినా అర్థంలో ఈ రెండు డేటాబేసులకు పెద్ద అంతరం ఉన్నది. పీఎల్/ఎస్‌క్యూఎల్‌లో బ్లాకు చివర దోషాన్ని అందుకొంటే, విఫలమైన వాక్యం చేసిన మార్పు మాత్రమే రద్దవుతుంది. దానికి ముందు ఆ బ్లాకులో చేసిన మార్పులు నిలుస్తాయి. పీఎల్/పీజీఎస్‌క్యూఎల్‌లో ఆ బ్లాకులో డేటాబేసుకు చేసిన మార్పులన్నీ రద్దవుతాయి, చరరాశుల విలువలు మాత్రం నిలుస్తాయి. పైన చెప్పిన బ్యాంకు ఉదాహరణలో మొదటి ఖాతా నుండి 5,000 తగ్గించిన తరువాత రెండవ ఖాతాలో కలిపేటప్పుడు దోషం వచ్చి, దానిని అందుకొని ఊరకుంటే, ఒక చోట సొమ్ము మాయమవుతుంది, రెండవ చోట వెనుకకు వస్తుంది. ఒక డేటాబేసు నుండి మరొకదానికి ప్రోగ్రాములను మార్చేవారు వ్యాకరణ పోలికను చూసి దీనిని ఉపేక్షించరాదు.

1996 నాటి ఎస్‌క్యూఎల్ ప్రమాణం అడా బాట పట్టలేదు. అది సిగ్నల్ అన్న మాటను, ఐదు అక్షరాల స్థితి కోడును, బ్లాకు మొదట్లో ప్రకటించే హ్యాండ్లరును తీసుకొన్నది. దోషం వచ్చిన తరువాతి వాక్యం నుండి కొనసాగే వీలు అందులో ఉన్నది. ఇష్బియా తోసిపుచ్చినదానికి ఇది దగ్గరి చుట్టం. మైఎస్‌క్యూఎల్ ఈ ప్రమాణాన్నే అనుసరించింది. దాని ప్రొసీజర్లు 2005లో వచ్చినా సిగ్నల్ 2010 నాటి 5.5 వెర్షనులో గాని రాలేదు. మైక్రోసాఫ్ట్ వారి ఎస్‌క్యూఎల్ సర్వరులో రెయిజ్, ఎర్రర్ అన్న రెండు మాటలను మధ్యలో ఒక అక్షరం మింగి కలిపిన పాత ఆజ్ఞ ఉండగా, 2012లో త్రో అనే కొత్త ఆజ్ఞను చేర్చారు. సీ++ భాషలో కూడా త్రో అన్న మాటను ఎంచుకోవడానికి కారణం రెయిజ్, సిగ్నల్ అన్న పేర్లు సీ భాష గ్రంథాలయంలో అప్పటికే వాడుకలో ఉండడమే.

వెన్ అదర్స్ కూడా అడా నుండి డేటాబేసులకు వచ్చి చాలా అపకారం చేసింది. 'వెన్ అదర్స్ దెన్ నల్' అని వ్రాస్తే ఏ దోషం వచ్చినా మింగివేసి ఏమీ జరగనట్లు ఊరుకొమ్మని అర్థం. గడువు దగ్గర పడిన ప్రోగ్రామరుకు ఇది ఎంత ఇష్టమో, ఆ తరువాత ఆ ప్రోగ్రామును సంరక్షించేవాడికి అంత కష్టం. ఒరాకిల్ 11జీ వెర్షను (2007) నుండి, కోరినచో ఇటువంటి చోట కంపైలరు హెచ్చరిక చూపుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో వాడకందారు ప్రశ్నను రద్దుచేసినప్పుడు వచ్చే దోషాన్ని వెన్ అదర్స్ అందుకోదు. పేరు పెట్టి అడిగితే తప్ప అది పైకి సాగిపోతుంది.

ఆల్సిస్, ఫిటాలీ

ఇష్బియా 1980లో సీఐఐ హనీవెల్ బుల్‌ను వదిలి ఆల్సిస్ అనే సంస్థను స్థాపించాడు. 1983 నాటి ప్రమాణం తుదిరూపం అక్కడే సిద్ధమైనది. తరువాత ఆ సంస్థ అడా కంపైలర్ల వ్యాపారంలో పేరు సంపాదించింది. కొంతకాలానికి ఇష్బియా ఆ సంస్థ శాఖ ఉన్న మసాచుసెట్స్ రాష్ట్రానికి మకాం మార్చాడు. 1990వ దశకంలో అడాను సవరించే పనికి టక్కర్ టాఫ్ట్ నాయకత్వం వహించాడు. భాషకు మార్పులు అతిగా చేస్తున్నారన్నది ఇష్బియా అభిప్రాయం. ఆ సవరణలోనే, అనగా అడా 95లో, ఎక్సెప్షనుతో పాటు సందేశాన్ని పంపే, దాని పేరును తెలుసుకొనే ప్యాకేజీ చేరింది.

అటుపిమ్మట ఇష్బియా దృష్టి పూర్తిగా వేరే విషయానికి మళ్ళింది. చేతిలో పట్టే చిన్న కంప్యూటర్ల తెరపై ఒక పుల్లతో లేదా ఒకే వ్రేలితో అక్షరాలు నొక్కేవారికి, పది వ్రేళ్ళ కోసం చేసిన కీబోర్డు అనువుగా ఉండదు. ఇంగ్లీషులో తరచు వచ్చే అక్షరాలను మధ్యలో దగ్గర దగ్గరగా చేర్చి, వ్రేలు కదలవలసిన దూరాన్ని తగ్గిస్తూ ఫిటాలీ అనే అమరికను ఈయన రూపొందించాడు. దాని రెండవ వరుసలోని ఆరు అక్షరాలను కలిపి చదివితే వచ్చేదే ఆ పేరు. దీనిని, వైద్యుల మాటలను టైపు చేసే ఉద్యోగుల కోసం పొట్టి మాటలను పూర్తి మాటలుగా విస్తరించే సాఫ్టువేరును టెక్స్‌ట్‌వేర్ సొల్యూషన్స్ అనే సంస్థ ద్వారా విక్రయించాడు.

గుర్తింపు, మరణం

ఫ్రెంచి ప్రభుత్వం ఇష్బియాను లెజియన్ ఆఫ్ ఆనర్‌తో గౌరవించింది. ఫ్రెంచి విజ్ఞాన శాస్త్రాల అకాడమీలో ఈయన కరస్పాండింగ్ సభ్యుడు. అమెరికా రక్షణ శాఖ విశిష్ట సేవా పత్రాన్ని ఇచ్చింది. అడా వాడకం తప్పనిసరి అన్న నియమాన్ని ఆ శాఖ 1997లో ఎత్తివేసినా, విమానాలు, రైలు సంకేతాల రంగాలలో ఆ భాష నిలిచింది. బోయింగు 777 విమానపు సాఫ్టువేరు అందుకు ఉదాహరణ.

మెదడు క్యాన్సరుతో ఇష్బియా 2007 జనవరి 26న తన 66వ యేట మరణించాడు. అడా 2005గా పిలువబడే సవరణ ఐఎస్ఓ ప్రమాణంగా అదే సంవత్సరం మార్చిలో ప్రచురితమైనది. రెయిజ్ అని ఎక్సెప్షను పేరు వ్రాసి, పక్కన విత్ అన్న మాటతో సందేశాన్ని అదే వాక్యంలో చేర్చే వీలు అందులో వచ్చింది.